కోత మిషను ఖరీదు

ఆస్తుల మదింపు అధికారి గారికి,

పుస్తకాల బైండరు నమస్కరించి రాయునది. దివాలా తీశాను కాబట్టి ఇంట్లో సామాన్లకు వెల కట్టి పంపమన్నారు. కట్టాను. మంచం వెయ్యి. కుర్చీలు రెండు, కూర్చునే ధైర్యం ఉన్నవాడికి ఊరికే ఇస్తాను. కాగితాలు కోసే మిషను తొంభై వేలు. ముప్పై ఏళ్ళు మా ఇంటిల్లిపాదికీ తిండి పెట్టింది అదే. పైసా తగ్గించను.

ఇట్లు,
బైండరు

తా.క. కళ్ళజోడుకు వెల రాయలేదు. అది పట్టుకుపోతే మీ తర్వాతి ఫారం మీరే వచ్చి చదివి వినిపించాలి.

*

బైండరు గారికి,

జాబితా అందింది. వృత్తి పనిముట్టు ఇరవై వేల లోపుదైతే చట్టం మీకే వదిలేస్తుంది. దాటితే వేలం. మేం అడిగేది కొత్తదాని ధర కాదు, మీ పాతది ఇవాళ అమ్మితే ఎంతొస్తుందని. మళ్ళీ ఆలోచించి రాయండి.

భవదీయుడు,
మదింపు అధికారి

తా.క. బాగా ఆలోచించండి.

*

అయ్యా,

బాగానే ఆలోచించాను. మీ ఎత్తు అర్థమైంది. నా చేత తక్కువ రాయించి, నాకు అప్పిచ్చినాయనకు చవగ్గా కట్టబెడదామనేగా? పెద్ద కంపెనీ మునిగితే దాని పేరుక్కూడా కోట్లు వెల కడతారు. పనివాడి చేతికింద అరిగిందైతే తుక్కా? "ఆయనేదో మన మంచికే చెబుతున్నట్టున్నాడు, పదిహేను వేలని రాసి పారెయ్యండి" అంది మా ఆవిడ. "నువ్వూ వాళ్ళ పక్షమేనా?" అన్నాను. అప్పట్నుంచి మా మధ్య మాటల్లేవు. తొంభైకి తగ్గదని ముగ్గురు తోటి బైండర్లు సంతకం చేసిన పత్రం జతచేశాను.

ఇట్లు,
తగ్గని బైండరు

తా.క. పత్రానికి గట్టి అట్ట వేశాను. దానికి వేరే వెల కట్టకండి.

*

బైండరు గారికి,

వేలం నిన్న జరిగింది. ముగ్గురొచ్చారు. అందులో ఇద్దరు వానకు తలదాచుకోవడానికి వచ్చినవాళ్ళు. మూడో ఆయన పాత ఇనుము వ్యాపారి, తొమ్మిది వేలకు పాడుకున్నాడు. ఇరవై లోపే కనుక ఆ సొమ్ము మీదే. చెక్కు జతచేశాను. దాంతో వేరే మిషను కొనుక్కోగలరు.

భవదీయుడు,
మదింపు అధికారి

తా.క. నేను చెప్పగలిగినంత చెప్పాను. ఇంకాస్త చెప్పి ఉంటే నా ఉద్యోగానికి వెల కట్టాల్సి వచ్చేది.

*

అయ్యా,

చెక్కు పట్టుకుని మిషన్లమ్మే దుకాణానికి వెళ్ళాను. తొమ్మిది వేలకు దాని కత్తి కూడా రాదన్నాడు. ఇప్పుడు వంటింటి చాకుతో కోస్తున్నాను. మా ఆవిడ స్కేలు నొక్కిపట్టుకుంటుంది, ఏమీ అనదు. అంటే బాగుండును. అంచులు వంకరపోయి సగం పని వెనక్కొస్తోంది.

ఇట్లు,
బైండరు

తా.క. ఫారంలో తొంభై వేలని రాయడం నా పొరపాటే. దుకాణంలో కొత్తదాని ధర అడిగాను. తొంభై రెండుగా దిద్దుకోండి.