మా ఎయిర్ రైఫిలు అసలు వేగం

స్టేషను అధికారి గారి సముఖానికి,
కుట్టుమిషన్లు బాగుచేసుకుని బతికే మెకానిక్కు సమర్పించుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: మంగళవారం నుండి తమ స్టేషను బీరువాలో బందీగా ఉన్న ఎయిర్ రైఫిలును ఆదివారం ఉదయంలోగా విడుదల చేయుట గురించి, మరియు దానిపై తమకు అందిన ఆకాశరామన్న ఉత్తరంలోని అబద్ధాల గురించి.

సవినయంగా మనవి చేసుకునేది ఏమనగా:

1. సదరు రైఫిలు సెకండ్ హ్యాండుది. సిలిండరులో ముందే గాలి కూరి పెట్టుకుని, ఆ గాలితో సీసపు గుండును తోసే రకం. మందుగుండుతో దానికి ఎటువంటి సంబంధమూ లేదు. పళ్ళ డాక్టరు దగ్గర కొన్నాను. "ఒక్క పిసరు గాలి కూడా పోదయ్యా, కళ్ళు మూసుకుని తీసుకెళ్ళు" అన్నాడాయన. నేను నిజంగానే కళ్ళు మూసుకున్నట్టున్నాను. సాయంత్రం రెండు వందల బార్ల ఒత్తిడి చూపించిన ముల్లు తెల్లారేసరికి సున్నా మీద కాళ్ళు చాపుకుని పడుకుంది.

2. కావున అర్జీదారు దానిని మూడు నెలల పాటు విప్పుతూ బిగిస్తూ, రబ్బరు రింగులు పదకొండు మార్చి, సిలికాన్ గ్రీజు పట్టించి, ప్రతి గుండుకూ ఒకే ఒత్తిడి అందించే రెగ్యులేటరును డెబ్బై బార్లకు కుదిర్చెను. ఈలోగా షాపులో కుట్టుమిషన్లు గుట్ట పడినవి, కస్టమర్లు నన్ను కడిగేసినారు. అయినా వేగం చూపే మీటరు ముందు పది గుండ్లు పేలిస్తే పదింటికీ ఒకే అంకె వచ్చింది. ఈ చుట్టుపక్కల ఇంత పొందికగా ట్యూనింగు చేసే మొనగాడు ఇంకొకడు లేడు. ఈ వాక్యాన్ని తమ రికార్డులో చేర్చుకున్నా నాకు అభ్యంతరం లేదు.

3. తుపాకి కుదిరింది గాని నా గురి కుదరలేదు. వంటగది గడప నుండి ముందుగది గోడకు సరిగ్గా పది మీటర్లు. ఆ గోడ ముఖాన పడ్డ మచ్చలను తమరు స్వయంగా వచ్చి చూడవచ్చును. "తుపాకిలో ఇంకా ఏదో లోపం ఉందే" అని ఇంట్లో చెప్పుకుంటూ వచ్చాను. ఒక మధ్యాహ్నం నా భార్య కాజాలు కుడుతున్నది కాస్తా లేచి, "ఏదీ, ఒకసారి ఇలా ఇవ్వండి" అని తీసుకుని ఐదు గుండ్లు కొట్టింది. గురి అట్ట మీద కన్నం ఒక్కటే కనబడింది. మిగతా నాలుగూ గాల్లో కలిసిపోయాయని నేను లోలోపల సంతోషించాను. వెళ్ళి చూస్తే ఐదూ ఆ కన్నంలోంచే పోయినవి. "లోపమేం లేదండీ, శుభ్రంగానే ఉంది" అని ఆమె మళ్ళీ కాజాల దగ్గరకు పోయి కూర్చుంది.

4. నలభై ఆరేళ్ళ మనిషి, చెల్లెలి పెళ్ళిలో తప్ప నలుగురి ముందు నిలబడి ఎరగనిది, షూటింగు క్లబ్బుకు పోయి అందరినీ దాటి జట్టు ఎంపిక పోటీ దాకా వచ్చింది. ఆ పోటీ ఈ ఆదివారమే. క్లబ్బులో మీసాల కోచ్ నా భుజం తట్టి, "ఏమయ్యా, ఇన్నాళ్ళూ పాపం తుపాకిని ఆడిపోసుకున్నావే!" అన్నాడు. అందరూ నవ్వారు. నా భార్య కూడా నవ్వింది. అయ్యా, ఆ నవ్వు నాకు ఒళ్ళంతా మంటెత్తించింది.

5. ఇక అసలు సంగతి. ఆ ఆకాశరామన్నను నేనే. క్లబ్బు నుంచి వచ్చి అదే మంట మీద రాసి, మూడు వీధుల అవతల పోస్టు డబ్బాలో వేశాను. తమ హెడ్డు కానిస్టేబులు గారు ఆ ఉత్తరం పట్టుకుని మా ఇంటికి వచ్చి, గడపలో నిలబడి గొంతెత్తి చదివినప్పుడు, నా భార్య "అయ్యో, ఆదివారం పోటీ ఉందండీ, అది అయ్యేదాకా ఆగండి" అని బతిమాలింది. నేను పక్కనే స్తంభంలా నిలబడ్డాను. సిగ్గుతో చచ్చిపోతున్నానయ్యా. నాలుగు రోజులుగా ఆమె తుపాకి లేకుండానే ఆ గడపలో నిలబడి చేతులు చాపి గురి చూసుకుంటోంది.

6. ఉత్తరంలో ఆ రైఫిలు వేగం సెకనుకు మూడు వందల మీటర్లని రాసి ఉన్నది. లైసెన్సు అక్కర్లేని పరిమితి మించిందని, ప్రయోగశాలకు పంపితే పదిహేను రోజులు పడుతుందని హెడ్డు గారు సెలవిచ్చినారు. ఆ అంకె శుద్ధ అబద్ధం. అసలు వేగం నూట డెబ్బై రెండు. చాడీ చెప్పేటప్పుడు కూడా నా పనితనాన్ని తక్కువ చేసి రాయడానికి చెయ్యి రాలేదు. నా మీటరు ఈ అర్జీతో పాటే పంపుతున్నాను, తమ ఎదుటే కొలుచుకోవచ్చును.

ప్రార్థన: రైఫిలును నా భార్య చేతికి ఇప్పించండి. బీరువా ఖాళీగా ఉండకూడదనే నిబంధన ఏదైనా ఉంటే ఆ స్థానంలో నన్ను పెట్టి తాళం వేసుకోండి.

పై తప్పులను తప్పులుగాను, అంకెను అబద్ధంగాను, ఆమెను నిర్దోషిగాను చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ఈసారి సంతకంతో,
కుట్టుమిషన్ల మెకానిక్కు

తా.క. (ఇది భార్య రాస్తున్నది)

సార్, ఈ అర్జీ నా చేతిలో పెట్టి, "ఇచ్చేముందు చదువుకో" అని ఆయన పెరట్లోకి పోయి నిలబడ్డారు. నాకు కొత్తగా తెలిసిందేం లేదు. హెడ్డు గారు చదువుతున్నప్పుడే పట్టుకున్నాను. "పదకొండు రింగులు మార్చి అతి నైపుణ్యంగా కుదిర్చిన ప్రమాదకర ఆయుధం" అని ఏ పక్కింటోడు రాస్తాడండీ? ఈయన నోటితో ఈయనే చెబుతారేమోనని నాలుగు రోజులు చూశాను. చెప్పారు, సరే.

ఆయన్ని బీరువాలో పెట్టుకోండి, నాకేం అభ్యంతరం లేదు. కాకపోతే ఆదివారం పొద్దున ఏడింటికల్లా వదిలిపెట్టండి. ఆ సిలిండరు నిండాలంటే చేతిపంపు నూట యాభై సార్లు కొట్టాలి. నేనే కొట్టుకుంటే ఆ తర్వాత గంటసేపు నా చేతులు వణుకుతాయి. ఆ రోజు ఆయన చేతులు వణకనివ్వండి.