జీతం వేటకు వెళ్లి వట్టిచేతులతో

సహాయ కార్మిక అధికారి గారి సముఖమునకు,

అరకులోయ మండలం, బొడ్డగుడ గ్రామ నివాసి కిల్లో బుధు, తండ్రి లేటు సమర్దు, వయస్సు 34, ఆశ్రమ పాఠశాలలో పదవ తరగతి పాసు, వ్రాసి సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: నా పేరున నెలనెలా పడుచున్న కనీస వేతనమును నాకు ఇప్పించుట, లేనిచో అది నాకు అందుట లేదని ధ్రువీకరించి నా బియ్యం కార్డు తిరిగి ఇప్పించుట, రెండూ వీలుకానిచో ఇటుకల పండుగ ముగియులోగా ఎర్ర సిరా ముద్రతో ఒక రశీదు ఇప్పించుట గురించి.

1. నేను మా ఊరి పైమలుపులో ఉన్న ఒక ప్రైవేటు రిసార్టులో ఆరేళ్లుగా పని చేయుచున్నాను. రిసార్టు పేరు ఇక్కడ వ్రాయుట లేదు. వ్రాస్తే ఈ అర్జీ తమకంటే ముందు వారికి చేరునని తెలిసినవారు చెప్పినారు. రిజిస్టరులో నా హోదా తోటమాలి. తోటపని గాక గదులకు వేడినీళ్లు మోయుట, గుడారాలు వేయుట, చలిమంటకు కట్టెలు కొట్టుట, ధింసా జట్టులో మనిషి తక్కువైనపుడు తుడుము వాయించుట కూడా నా పనులే. రిజిస్టరులో నా పేరు ఎదుట ‘నైపుణ్యం లేని కార్మికుడు’ అని ఉన్నది. దీనిపై నాకు ఫిర్యాదు లేదు. నా తుడుము విన్నవారు కొందరు కూడా అదే మాట అన్నారు.

2. కనీస వేతనముల బోర్డును కార్మికులకు కనపడునట్లు పెట్టవలెనని తమ కార్యాలయము వారు ఆదేశించియున్నారు. పెట్టినారు. వంటగది వెనుక గోడకు, గ్యాసు సిలిండర్ల చాటున ఉన్నది. సిలిండరు ఖాళీ అయి మార్చేటపుడు సగం బోర్డు కనపడును. నేను రెండు సిలిండర్ల కాలం వేచియుండి మొత్తం చదివితిని. నాకు నెలకు పన్నెండు వేల ఎనిమిది వందలు రావలెను.

3. ఆ మొత్తం వచ్చుచున్నది కూడా. ప్రతి నెల ఐదవ తేదీన నా బ్యాంకు ఖాతాలో పడుచున్నది. అయితే మా పదకొండు మంది ఏటీఎం కార్డులు మేనేజరు వరహాలరావు గారి బల్ల సొరుగులో, ఒక రేకు బిస్కెట్ల డబ్బాలో ఉంటున్నవి. మేము పోగొట్టుకుంటామని ఆయన భయం. అందరి రహస్య నంబరు ఒక్కటే, రిసార్టు ఫోను నంబరులోని చివరి నాలుగు అంకెలు. ఐదవ తేదీన ఆయన డబ్బా పట్టుకొని కిందికి వెళ్లి డబ్బు తీసుకొనివచ్చి, నాకు ఏడు వేల ఐదు వందలు చేతికిచ్చి, పన్నెండు వేల ఎనిమిది వందలకు సంతకం తీసుకొనుచున్నారు. మిగతా ఐదు వేల మూడు వందలు భోజనం, యూనిఫారం, ‘నిర్వహణ’ కింద పోవుచున్నవి. నిర్వహణ అనగా ఏమని ఒకసారి అడిగినాను. వరహాలరావు గారు సాలూరు వైపు మనిషి, మాట దాచుకోరు. నన్ను కిటికీ దగ్గరికి పిలిచి లోయ చూపించినారు.

“ఆ మంచు సూడు. జనం ఇశాపట్నం నుంచి వచ్చి, ఒక్క రాత్రికి ఆరేసి వేలెట్టి సూత్తన్నారు. నువ్వు ఆరేళ్ల నుంచి ఊరికినే సూత్తన్నావు. నానెప్పుడైనా అడిగినానేటి?”

అడగలేదని ఒప్పుకొన్నాను.

4. ఈ విధముగా కూడా సర్దుకొని బ్రతికినాము. ఏడాదిలో నాలుగు నెలలు మా కొండమీది చోళ్లు, సామలు వచ్చును. మిగతా ఎనిమిది నెలలు బియ్యం కార్డుపై, తలకు ఐదు కిలోల చొప్పున ఐదుగురికి, ఇరవై ఐదు కిలోలు వచ్చేవి. కిందటి సెప్టెంబరులో కార్డు రద్దయినది. సచివాలయమునకు వెళ్లి అక్కడి ఉద్యోగి సురేంద్ర గారిని అడిగినాను. ఆయన కంప్యూటరు నా వైపు తిప్పినారు.

“నెలకి పదివేలు దాటితే కార్డు రాదు బుధూ. నీకు పన్నెండు వేల ఎనిమిది వందలు పడతన్నాయి. మా సచివాలయంలో వలంటీరుగా చేసినోళ్లకి కూడా అంత లేదు. పార్టీ ఎప్పుడిస్తావు?”

“నా చేతికి ఏడున్నరే వత్తంది బాబూ.”

“అలాగని మీ మేనేజరు చేత రాయించుకొని రా. ఆన్‌లైన్‌లో పెడతాను.”

మేనేజరు గారిని అడిగినాను. ఆయన కోపపడలేదు. కుర్చీ చూపించి కూర్చోమన్నారు. ఆరేళ్లలో అదే మొదటిసారి.

“నువ్వు పేదోడివని నాను రాసిత్తే, నాను దొంగనని నానే రాసుకున్నట్టు కదేటి? ఆలోసించు. సదువుకున్నోడివి.”

ఆలోచించినాను. ఆయన చెప్పినది సబబుగానే ఉన్నది. కాబట్టి తమ రికార్డు ప్రకారం నేను కనీస వేతనం పొందుచున్నవాడను. సచివాలయపు రికార్డు ప్రకారం కలిగినవాడను. ఇంటి వద్ద మాత్రం బియ్యం కిలో యాభై రూపాయల చొప్పున కొనుచున్నాను. కార్డు పోయిన నెల నుంచి మా అమ్మకు రాత్రిపూట ఆకలి వేయుట లేదట.

5. డిసెంబరులో తమరు మా రిసార్టు తనిఖీకి వచ్చియున్నారు. తమరు వచ్చుచున్నట్లు మేనేజరు గారికి ముందురోజే తెలిసినది. ఎట్లు తెలిసినదో నాకు తెలియదు. ఉదయం నుంచి మమ్మల్ని వరుసగా నిలబెట్టి, చిన్నపుడు ఎక్కాలు చెప్పించినట్లు, “పన్నెండు వేల ఎనిమిది వందలు” అని చెప్పించినారు. తమరు గదులు ఊడ్చే నీలవేణిని నెలకు ఎంత వచ్చునని అడిగినారు. పన్నెండు వేల ఎనిమిది వందలు అన్నది. పిల్లలు ఎంతమంది అని అడిగినారు. దానికీ పన్నెండు వేల ఎనిమిది వందలు అన్నది. తమరు నవ్వినారు, మేనేజరు గారు నవ్వినారు, మేమూ నవ్వినాము. ‘కార్మికులు సంతోషముగా ఉన్నారు’ అని తమరు వ్రాసినట్లు తరువాత తెలిసినది. నీలవేణి ఆనాడు తడబడినదో, కావాలని అన్నదో, నేటివరకు ఎవరికీ చెప్పలేదు.

6. ఈ పరిస్థితులలో నిజం చెప్పుకొనుటకు తమ కార్యాలయమునకు మూడుసార్లు వచ్చియున్నాను. మూడుసార్లు తమరు మీటింగులో ఉన్నారు. అటెండరు బాలాజీ గారు మాత్రం ప్రతిసారి ఉన్నారు. జీతం తక్కువ అందుచున్నట్లు రుజువు తీసుకొని రమ్మని చెప్పినారు. అందని డబ్బుకు రుజువు ఎట్లుండునని అడిగితే, “అదే కదయ్యా చిక్కు” అని ఫ్యాను కిందకు జరిగి కూర్చోమన్నారు. ప్రతి రాకకు ఒక రోజు జీతం, బస్సు ఛార్జీ పోవుచున్నవి.

7. ఇంతవరకు జరిగినది ఓర్చుకొనవచ్చును. కానీ మూడవసారి ఇటుకల పండుగలో వచ్చుట వలన పెద్ద ఇబ్బంది ఏర్పడినది. తమరు కింది ప్రాంతము వారు గనుక వివరించుచున్నాను.

చైత్ర మాసములో ఈ పండుగకు మా మగవారు వేటకు వెళ్లవలెను. వేట లేకుండా తిరిగివచ్చినవానిపై ఊరి మొదట్లోనే ఆడవారు పేడనీళ్లు పోసి, నోటికి వచ్చినట్లు ఎగతాళి చేయుదురు. అడవి జంతువును కొట్టుట నేరమని అటవీశాఖ వారు చెప్పినందున, కొన్నేళ్లుగా మావారు విల్లంబులు మోసుకొని కొండ చుట్టూ తిరిగి, వచ్చేదారిలో సంతలో కోడిని కొని తెచ్చుచున్నారు. బ్రాయిలర్ కోడి పారిపోదు గనుక అది వేట కాదని ఆడవారు తోసిపుచ్చినారు. నాటుకోడిని పట్టుటకు పరుగెత్తవలెను గనుక దానిని అనుమతించినారు.

ఆ ఉదయం నేను బస్సు కోసం పోవుచుండగా మా అన్న భార్య యర్రమ్మ వదిన దారిలో ఎదురై ఎక్కడికని అడిగినది. “జీతం తేవడానికి” అన్నాను. అదే నా తప్పు. పండుగ రోజులలో ఇల్లు కదిలిన మగవాడు దేనికోసమని నోటితో అంటాడో అదే అతని వేట. ఈ సంగతి పుట్టిననాటి నుంచి తెలిసియుండీ, కనీస వేతనం ధ్యాసలో మరచినాను.

సాయంత్రం బస్సు దిగేసరికి ఆడవారంతా ఊరి మొదట్లో పేడనీళ్ల గోలెం దగ్గర నిలబడియున్నారు.

“ఏటి మరిదీ, జీతం దొరికినాదా?” అన్నది యర్రమ్మ వదిన.

“సారు మీటింగులో ఉన్నారు వదినా.”

“మీటింగా? అదేటి జంతువు? కొమ్ములుంటాయేటి?”

నా భార్య నిర్మల నా పక్షాన మాట్లాడునని అనుకొన్నాను. ఆమె చేతిలో రెండవ బక్కెట్టు ఉన్నది.

“మూడుమాట్లు ఎల్లినాడు వదినా. అడుగుజాడైనా తెచ్చినాడేమో అడుగు.”

బస్సు టికెట్టు చూపించినాను. అది చేతులు మారి మారి యర్రమ్మ వదిన వద్దకు చేరినది. ఆమె దానిని వెలుతురుకు పట్టి చూసి, “ఇది ఈక కూడా కాదు” అని తీర్పు చెప్పినది. తరువాత జరిగినది వ్రాయనక్కరలేదు. నేను రిసార్టు యూనిఫారంలో ఉన్నాను. ఉతుకుడు ఖర్చు కింద నూట యాభై రూపాయలు మరునాడే నా లెక్కలో వ్రాసినారు.

8. పండుగ ఇంకా నాలుగు రోజులు ఉన్నది. చెప్పిన వేట తెచ్చేవరకు నాకు ఊరి దారి లేదు. కాఫీ తోటలోంచి వంగి వంగి ఇల్లు చేరుచున్నాను. నిన్న గోలేనికి దూరంగా నిలబడి, జీతం ఇప్పుడే రాదని, దానికి బదులు ఏది తెస్తే ఒప్పుకొందురని అడిగినాను.

“ఏటి తెచ్చినా రకతం కనపడాల” అన్నది యర్రమ్మ వదిన.

“ఆఫీసోళ్లు కాయితమే ఇస్తారు వదినా.”

“కాయితానికి రకతం ఉంటాదేటి?”

“ఎర్ర ముద్ర ఉంటాది.”

ఆడవారు చాలాసేపు తమలో తాము మాట్లాడుకొన్నారు. తమ మీటింగులు ఇంతసేపు జరుగునో లేదో నాకు తెలియదు. చివరకు, ముద్ర ఎర్రగా ఉండవలెనని, గుండ్రంగా ఉండవలెనని, తడి ఆరకముందే తేవలెనని నిర్ణయించినారు. నిర్మల అడ్డుపడి, సాయంత్రం బస్సు ఎప్పుడూ ఆలస్యమేనని వాదించి, మూడవ షరతు తీసివేయించినది. ఈ విషయమున ఆమెకు కృతజ్ఞుడను.

9. కావున నా ప్రార్థన ఏమనగా:

(అ) తమరు ముందుగా ఎవరికీ చెప్పక, ఐదవ తేదీ సాయంత్రం మా రిసార్టుకు వచ్చి, మేనేజరు గారి సొరుగులోని బిస్కెట్ల డబ్బా తెరిపించవలెను. డబ్బా మూత మీద నెమలి బొమ్మ ఉన్నది. కార్డులపై పేర్లు ఉన్నవి. నేను తీసుకొని రాలేని రుజువు అదే.

(ఆ) కార్డులు మాకు ఇప్పించవలెను. పోగొట్టుకొంటే పోగొట్టుకొంటాము. ఇప్పుడు మాత్రం ఏమి మిగిలినది.

(ఇ) అది తమ అధికార పరిధిలో లేనిచో, నాకు వచ్చునది ఏడు వేల ఐదు వందలేనని ఒక ముక్క సురేంద్ర గారికి వ్రాయవలెను. కలిగినవాడి జీతమైనా ఇప్పించండి, లేనివాడి బియ్యమైనా ఇప్పించండి. రెండింటిలో ఏది ఇచ్చినా అభ్యంతరం చెప్పను.

(ఈ) పై వాటికి సమయం పట్టునని ఎరుగుదును. ఈలోగా ఈ అర్జీ ముట్టినట్లు ఒక రశీదు ఇవ్వవలెను. తమ కార్యాలయములో ఊదా సిరా వాడుచున్నట్లు గమనించినాను. ఈ ఒక్కసారికి ఎర్ర సిరా వాడవలెను.

ఇందులో వ్రాసినది నాకు తెలిసినంతవరకు నిజము. తీరిక చూసుకొని గాక, తీరిక చేసుకొని చిత్తగించవలెనని కోరుచు,

తమ విధేయుడు,
కిల్లో బుధు
(రిజిస్టరు ప్రకారం: నైపుణ్యం లేని కార్మికుడు)

తా.క.: ఈ అర్జీ తమ కార్యాలయపు వరండాలో కూర్చొని వ్రాసినాను. నేడు కూడా తమరు మీటింగులో ఉన్నారు. బాలాజీ గారు కాగితాలు తీసుకొని నిలబడే చదివినారు. మూడవ అంశం దగ్గర ఆగి, వెనక్కి వెళ్లి మళ్లీ చదివినారు.

“బిస్కెట్ల డబ్బానా?” అని అడిగినారు.

అవునన్నాను.

“మాది స్వీట్ల పెట్టె” అన్నారు.

ఆయన ఇక్కడ సొంత ఉద్యోగి కాదని, ఒక కాంట్రాక్టరు ద్వారా పని చేయుచున్నారని, ఆయన ఏటీఎం కార్డు కూడా ఆ కాంట్రాక్టరు వద్దనే ఉన్నదని నాకు ఇంతవరకు తెలియదు. తమ వరండాలోని కనీస వేతనముల బోర్డు కిందనే ఏడేళ్లుగా కూర్చొనుచున్నారట. ఆయన జీతం సంగతి నేను అడగలేదు. ఈసారి ఆయన కూడా వచ్చి ఫ్యాను కింద నా పక్కన కూర్చొన్నారు.

గుండ్రటి ముద్ర తమ బీరువాలో తాళం వేసి ఉన్నదట. బాలాజీ గారు వెతికి వెతికి ‘అత్యవసరం’ అనే ముద్ర తీసి, ఎర్ర సిరాలో అద్ది రశీదుపై రెండుసార్లు కొట్టినారు. అది పలకగా ఉన్నది. యర్రమ్మ వదిన ఒప్పుకొనునో లేదో సాయంత్రం తెలియును.

అటుపిమ్మట ఆయన నా పెన్ను అడిగి తీసుకొన్నారు. కావున ఈ అర్జీలో ‘నేను’ అని ఉన్న చోట్ల తమరు ‘మేము’ అని చదువుకొనవలెను. కింద రెండవ సంతకం ఆయనదే. దీనిని తమ బల్లపై పెట్టవలసినది కూడా ఆయనే గనుక, పెట్టేటపుడు తన ముఖం వైపు చూడవద్దని కోరినారు.

కిల్లో బుధు
బి. బాలాజీ