చేతులు కాచుకుని ఎత్తుకో

అక్కా,

నేను కులాసా, నా గురించి బెంగ వద్దు. నెలలు నిండకుండా పుట్టిన మనవరాలిని ఎత్తుకోవాలంటే చేతులు వణుకుతున్నాయని రాశావు. చదవగానే నవ్వొచ్చింది.

నిన్న మా పసిపిల్లల వార్డులో, కొత్తగా చేరిన డాక్టరు చల్లటి స్టెతస్కోపు తెచ్చి గుప్పెడంత పాప గుండెమీద పెట్టబోయాడు. చెయ్యి పట్టుకుని ఆపాను. "ముందు అరచేత్తో రుద్దు. నీ చెంపకు ఆనించి చూసుకో. అప్పుడు పెట్టు" అన్నాను. "ఇది ఏ పుస్తకంలో ఉంది మేడమ్?" అన్నాడు. "మా అక్క దగ్గర ఉంది" అన్నాను. బిత్తరపోయి చూశాడు.

నేనూ తొందరపడి పుట్టిన పిల్లనే కదా! నన్ను ముట్టుకునే ముందు నువ్వు లాంతరు దగ్గర చేతులు కాచుకుని, చెంపకు ఆనించి చూసుకునేదానివని అమ్మ చెప్పేది. ఆ అలవాటు నిన్ను వదిలితేగా! బడికి జడలు వేసేటప్పుడు కూడా చేతులు రుద్దుకుంటూ కూర్చునేదానివి. గంట కొట్టేస్తారని నేను గింజుకునేదాన్ని. పసికందుల ఒంట్లో వెచ్చదనం ఎలా నిలపాలా అని ఇన్నేళ్లు పరిశోధన చేశాను. దానికి మొదలు ఆ లాంతరు దగ్గరే.

బావగారి దగ్గు తగ్గిందా? అక్కడ మరిచిపోయిన నా శాలువా పంపకు, పాపకు వాడు. కార్డులో చోటు అయిపోతోంది. గోడకు ఆనుకుని కూర్చో, చేతులు కాచుకో, ఎత్తుకో. భయం వేస్తే ఈ కార్డు తీసి చూడు. నీ చేతుల్లో పెరిగిన గుప్పెడంత పిల్లే, తల నెరిసి, కళ్లజోడు పెట్టుకుని రాసింది.

పాపకు ముద్దులతో,
నీ చెల్లి