ఏటి అవతల ఉన్న మరియెల్బా గురించి

అన్సెల్మో గారూ, ముందుగా నా చేతిరాతనూ తప్పులనూ క్షమించండి. నేను నాలుగో తరగతితో బడి మానేశాను. ఊరందరికీ పత్రాలు రాసిపెట్టే మీ ముందు ఈ కాగితం పెట్టాలంటే సిగ్గుగా ఉంది.

ఉరేన్యాలో ఉండే యులెయిమా రింకోన్ అనే నేను, ఎలియేసెర్ భార్యను, ఇరవై నాలుగేళ్ళదాన్ని, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా రాస్తున్న వీలునామా ఇది. సోమవారం నా గుండెకు ఆపరేషన్. లేస్తానో లేదో డాక్టరు గట్టిగా చెప్పలేదు. నా నాలుగేళ్ళ కూతురు మరియెల్బా ఏటి అవతల, కొలంబియాలో, మా అక్క నూబియా దగ్గర ఉంది. ఆగస్టులో మన వెనెజువెలా వాళ్ళు వంతెన మూసేసినప్పటి నుంచి దాన్ని చూడలేదు. ఇందులోని మాటలు జరిపించే బాధ్యత మీకే అప్పగిస్తున్నాను.

1. నా కుట్టుమిషన్ నూబియా అక్కకు. బూట్ల పైభాగాలు నేను ఇక్కడ కుడితే, అడుగులు తను అక్కడ అతికేది.

2. మంచం కింద సంచిలో ఉన్న అరవై కుడికాలి పైభాగాలు కూడా అక్కకే. వంతెన మీద కాపలావాళ్ళు లాక్కోకుండా మేమంతా ఎడమవి ఒక రోజు, కుడివి ఇంకో రోజు దాటించేవాళ్ళం. ఒంటికాలివి ఎవరికీ పనికిరావు కదా. ఆ బుధవారం ఎడమవి అక్కకిచ్చాను. చేతిలో పాప ఉంటే సంచి విప్పరని, "దీన్నీ తీసుకెళ్ళక్కా, శనివారం కుడివాటికి వచ్చినప్పుడు తెద్దువుగాని" అన్నది నేనే. మర్నాడే వంతెన మూశారు. నేను ఫోన్లో ఏడుస్తుంటే అక్క, "ఇక్కడ అరవై ఎడమకాళ్ళు పెట్టుకుని కూర్చున్నానే! కొంగలకు అమ్ముకోనా?" అని నవ్వింది. ఫోన్ పెట్టేశాను. మూడు వారాలు మాట్లాడలేదు. నన్ను నవ్వించడానికే అందని ఇప్పుడు తెలుస్తోంది. ఆ మూడు వారాలూ పాప గొంతు కూడా వినలేదు.

3. క్రిస్మస్‌కు ఆకుల్లో చుట్టిన అయాకాలు ఉడికించే పెద్ద గిన్నె మా అత్త డోన్యా ఎర్మిందాకు. అది ఎటూ తనదేనంటుంది. "గోడకు చెప్పినా తిరిగి పలుకుతుంది, ఈ పిల్ల పలకదు" అని ఆరేళ్ళుగా నలుగురిలో అంటోంది. నాకు కోపమే. కానీ రెండు దేశాల మంత్రులు టీవీలో చేతులు కలిపిన రోజు ఇంట్లో అందరూ చప్పట్లు కొడుతుంటే ఆవిడ ఒక్కతే, "చేతులు కలిపేది వాళ్ళు, నడుంలోతు నీళ్ళలో దిగేది మనం" అంది. గిన్నె మనస్ఫూర్తిగానే ఇస్తున్నాను.

4. నా ఉన్ని దుప్పటి ఎలియేసెర్‌కు. ఆయన నీలం చొక్కా కాలరు ఇస్త్రీ పెట్టెతో కాల్చింది నేనే. కరెంటు మీద నెట్టాను. పాపం, వారం రోజులు కరెంటు వాళ్ళను తిట్టారు.

5. పైవన్నీ నేను పోయాక. ఇది మాత్రం ఇవాళే జరగాలి. నిన్న ఆయన, "ఆపరేషన్‌కు ముందు పాపను చూస్తావా? ఊ అను చాలు. ఆదివారం ఏట్లో దిగి, భుజాన ఎక్కించుకుని తెచ్చేస్తా" అన్నారు. నేను ఊ అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. మొన్నటి వానలకు ఏరు పొంగి, వీపున గ్యాసు పొయ్యి మోసుకుని దాటుతున్న అబ్దోన్ గారిని లాక్కుపోయింది. పుట్టినప్పటి నుంచి ఆ ఏట్లో తిరిగిన మనిషి ఆయన. ఈ పొద్దున ఎలియేసెర్‌కు చెబుదామని వెళ్ళాను. ఆయన పాపను కట్టుకునే తాడు చూసుకుంటూ ఈల వేస్తున్నారు. నాకు నోరు రాలేదు. అందుకే రాస్తున్నాను. మరియెల్బాను తేవద్దు. మనుషులు వంతెన మీద నడిచి దాటే రోజు దాకా అది నూబియా దగ్గరే ఉండాలి, నేను ఉన్నా లేకపోయినా. నాకు దాన్ని చూడాలని ఉంది. అది వేరే సంగతి.

ఉరేన్యా, శుక్రవారం, 2015 నవంబరు 13.

(సంతకం) యులెయిమా రింకోన్

సాక్షులు: కార్మెన్సా ఉస్కాతెగి, పక్కింటావిడ
ఒలింతో పర్రా, బూట్ల అచ్చులు చేసే ఆయన

అన్సెల్మో గారూ, ఇవాళే ఐదోది ఎలియేసెర్‌కు చదివి వినిపించండి. టైపు చేసేటప్పుడు మాత్రం పాపను తేవద్దన్నానని రాయండి చాలు, నేను ఊ అన్నానని రాయకండి. పెద్దయ్యాక, అమ్మ రావద్దంది అని అది అలిగినా ఫరవాలేదు. ఒక్కసారి చూసుకోవడం కోసం దాన్ని ఆ ఏట్లోకి దింపడానికి ఒప్పుకున్నానని దానికి తెలియకూడదు. ఈ కాగితం కాల్చేయండి.