బేస్ గిటారుకు తగ్గ ఆంప్లిఫైయర్

లీలా,

బేస్ గిటారును గొంగళిలో చుట్టి అటక మీద పెట్టు. మా తమ్ముడు అడిగినా దాన్ని మళ్లీ మైకుసెట్టుకు కలపనివ్వకు. ఆ సెట్టులోని ఆంప్లిఫైయరూ, బాకా స్పీకరూ మనిషి గొంతుకు సరిపోతాయి గాని, ఈ లావు తీగల శబ్దాన్ని మోయలేవు. దీనికి వెడల్పాటి స్పీకరున్న పెద్ద పెట్టె కావాలి. హైదరాబాదంతా వెతికాను, దొరకలేదు. నిన్న మన బజారు పెళ్లిలో జనం, "చేతులైతే ఆడిస్తుండు, సప్పుడేది?" అని నవ్వారు. ఇక దాన్ని ముట్టను. చౌటుప్పల్ పెళ్లికి డోలు పట్టుకొని పోతున్నాను. నా కోసం అన్నం వండకు.

గండయ్య

పొద్దున నువ్వు గిటారు చెక్కకు చెవి ఆనించి, "నాకైతే మంచిగనే వినొస్తాంది" అన్నావు. పెళ్లికొచ్చినవాళ్లంతా అట్లా చెవి పెట్టి వినరు కదా, లీలా.