పేరు గడి ఖాళీగా ఉంచరాదు

బుధవారం

కంప్యూటర్ల విభాగం వారికి ఆసుపత్రి మార్చురీ చూసుకునే ఆవిడ నమస్కరించి రాసుకునేది.

ఇక్కడ నేను క్షేమం. మిగతావాళ్లు కూడా క్షేమమని రాయలేను, నా ఉద్యోగం అలాంటిది. తమరు క్షేమమని తలుస్తాను.

ముసలిదైపోయిందని మా డెస్క్‌టాప్‌ని పోయిన నెల వ్యాను ఎక్కించి మీ దగ్గరికి తీసుకెళ్లారు. కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ వేశామని మొన్న సోమవారం తిరిగి పంపారు. పెట్టె అదే. పక్కన కాఫీ ఒలికిన మరక కూడా అదే. లోపల మనిషే మారిపోయాడు.

పాతది నోట్లో నాలుక లేనిది. పేరు తెలియనివాళ్లు వచ్చినప్పుడు పేరు గడి వదిలేసి కింది గడికి వెళ్లిపోయేదాన్ని, పల్లెత్తు మాట అనేది కాదు. ఇప్పుడు ఇది "పేరు గడి ఖాళీగా ఉంచరాదు" అని ఎర్రక్షరాలతో అడ్డం పడుతోంది. నా దగ్గరికొచ్చేవాళ్లలో కొందరు పేరు చెప్పే స్థితిలో ఉండరని మీలో ఒక్కరికీ తట్టలేదా?

నిన్న సాయంత్రం ఒకతన్ని తెచ్చారు. ముప్పై దాటి ఉండవు. నీళ్లలో దొరికాడట. తల వెనక దెబ్బ తగిలింది గానీ ముఖం చెక్కుచెదరలేదు. జేబులు ఖాళీ. ఇలాంటివాళ్ల ఫొటో తీసి, "ఈ మనిషి ఎవరో తెలిస్తే చెప్పండి" అని ప్రకటన అచ్చు వేసి గేటు గోడకి అంటిస్తాం. చూసి ఎవరో ఒకరు వస్తారు. మీ కొత్త సిస్టమ్ పుణ్యమా అని, పేరు తెలియనివాడి ప్రకటన అచ్చు వెయ్యాలన్నా వాడి పేరు కావాలట. శనివారం మునిసిపల్ వ్యాను వస్తుంది. ఎవరూ రానివాళ్లని తీసుకెళ్లి అందరితో కలిపి పూడ్చేస్తుంది. తర్వాత సొంతవాళ్లు వచ్చి నెత్తీ నోరూ కొట్టుకున్నా నేను చూపించగలిగేది ఏమీ ఉండదు. ఈలోగా ఆ గడి సంగతి తేల్చవలసింది.

ఇట్లు,
మార్చురీ ఇన్‌ఛార్జి

వి.సూ.: స్క్రీన్ మీద "సహాయం కావాలా?" అని అడిగితే ఈ ఉత్తరం అందులోనే కొట్టాను. చదివేవాళ్లు ఉన్నారో, గోడకి చెప్పుకుంటున్నానో తెలియజేయగలరు.

*

బుధవారం

మార్చురీ మేడమ్ గారికి కంప్యూటర్ల విభాగం టెక్నీషియన్ నమస్కారాలు.

చదివేవాళ్లు ఉన్నారు. మీ మెషీన్‌కి వైద్యం చేసింది నేనే. జవాబులు నేరుగా మీ ప్రింటర్‌లోకే వస్తాయి.

పాత సిస్టమ్‌కి ఆయుష్షు తీరింది మేడమ్. తయారుచేసిన కంపెనీ వాళ్లే చేతులెత్తేశారు. ఆయుష్షు తీరినదాన్ని పట్టుకుని వేలాడకూడదని మీకు నేను చెప్పడం తాతకు దగ్గులు నేర్పడమే. మెమరీ పెంచాను, డిస్కు మార్చాను, ఫ్యానులో దుమ్ము దులిపాను. అందులో బల్లి గుడ్లు కూడా ఉన్నాయి.

పేరు తప్పనిసరి చేసింది పైవాళ్లు. ఆ నియమం సడలించాలంటే సెట్టింగుల్లోకి వెళ్లాలి. ఆ తలుపు కెమెరాలో ముఖం చూసి తెరుచుకుంటుంది. ప్రస్తుతం దానికి తెలిసినది నా ముఖం ఒక్కటే. నాది తీసేసి మీది పెడదామని మంగళవారం బయల్దేరాను కూడా. దారిలో వాన తగులుకుని పని చెడింది.

అందాకా ఒక సులువు చెబుతాను. ఏదో ఒక పేరు కొట్టెయ్యండి. గడి నిండితే చాలు, నిజమా అబద్ధమా అని అది అడగదు. ఫైలు మూసుకుంటుంది, మీ తలనొప్పి పోతుంది.

ఇట్లు,
టెక్నీషియన్

వి.సూ.: గుర్తింపు కార్డు లేకుండా గడప దాటే మనుషుల్ని తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. ఆ మాట అన్నానని మీ అతిథితో చెప్పండి.

*

గురువారం

టెక్నీషియన్ గారికి,

చెప్పాను. ఏమీ అనలేదు.

మీ సలహా ప్రకారం పేరు గడిలో "తెలియదు" అని కొట్టాను. "తెలియదు గారూ, మీ ఇంటిపేరు?" అంది. "లేదు" అన్నాను. "తెలియదు లేదు గారూ, మీ చిరునామా?" అంది. "నాలుగో అర" అన్నాను. "అక్కడ ఎంతకాలంగా ఉంటున్నారు?" అంది. కొట్టిందంతా చెరిపేశాను.

అయినా దొంగపేరు నేను పెట్టను. పేరున్నవాళ్ల ఫొటో గోడకెక్కదు. ఫైలు మూసుకుంటే ఇతను ఇంకెవరో అయిపోతాడు. వెతుక్కుంటూ వచ్చినవాళ్లకి ఎప్పటికీ దొరకడు. ఊరూ పేరూ లేకుండా పోవడం ఒక ఎత్తు. మరొకడి పేరుతో పోవడం అంతకంటే అన్యాయం. ఇరవై ఏళ్లుగా ఈ గదిలో ఉన్నాను, ఆ పాపం నా చేత చేయించకండి.

మేం ఇతన్ని కొత్తల్లుడు అంటున్నాం. వచ్చినప్పటి నుంచి ఉలుకూ పలుకూ లేదు, పడుకున్నచోటు నుంచి లేవడు, మర్యాదలన్నీ మనమే చెయ్యాలి. మెత్తటి వేళ్లు. ప్యాంటు మడతలో ఆవగింజంత స్క్రూ దొరికింది. గడియారాలు బాగుచేసేవాడని మా స్వీపరమ్మ, కళ్లజోళ్లు బిగించేవాడని నేను. పందెం వేసుకున్నాం.

మీరే ఒకసారి వచ్చి ఆ తలుపు తెరిచి పుణ్యం కట్టుకోండి.

ఇట్లు,
మార్చురీ ఇన్‌ఛార్జి

వి.సూ.: నిన్న సాయంత్రం ఒకావిడ గేటు దగ్గరికొచ్చి తమ్ముడు కనబడటంలేదని అడిగిందట. వాచ్‌మన్ కంప్యూటర్లో పేరు కొట్టి చూశాడు. ఆ పేరుతో ఎవరూ లేరంది. "హమ్మయ్య" అనుకుంటూ వెళ్లిపోయిందట పాపం.

*

గురువారం

మేడమ్ గారికి,

ఆవిడ హమ్మయ్య అనుకుంటూ వెళ్లిందని మీరే రాశారు. మరి అలా వెళ్లినవాళ్లని వెనక్కి పిలిచి ఏడిపించడం దేనికి? అందరికీ అన్నీ తెలియాలని రూలు ఏమీ లేదు. కొన్ని ఫైళ్లు మూసి ఉంటేనే ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది.

నేను రావడం కుదిరేలా లేదు. ఆఫీసులో పరిస్థితి బాగోలేదు. నా కుర్చీలో స్టోర్సు గుమాస్తా కూర్చుంటున్నాడు. లేవమంటే వినిపించుకోడు. టీ తెచ్చే పెద్దాయన నన్ను దాటుకుని వెళ్లిపోతున్నాడు. నిన్న మొన్నటిదాకా చక్కెర ఎక్కువ వేసి మరీ ఇచ్చిన మనిషి.

దయచేసి ఏదో ఒక పేరు కొట్టండి. మీ చిన్ననాటి లెక్కల మాస్టారి పేరు కొట్టండి, పగ తీరుతుంది. ఆవిడ మళ్లీ వస్తే వాచ్‌మన్ మళ్లీ లేడని చెబుతాడు. ఎవరికీ నష్టం లేదు.

ఆవిడ గొడుగు తెచ్చుకుందా? ఈ వానల్లో తడిస్తే ఆయాసం వస్తుంది. మామూలుగా ఎవరికైనా వస్తుందని అంటున్నాను.

ఇట్లు,
టెక్నీషియన్

వి.సూ.: హాజరు పుస్తకంలో నా పేరు ఎదురుగా మంగళవారం నుంచి "మార్చురీ డ్యూటీ" అని ఉంది. రికార్డు ప్రకారం నేను మీ దగ్గరే ఉన్నాను. అందుకే టీ పొయ్యట్లేదేమో.

*

శుక్రవారం

టెక్నీషియన్ గారికి,

ఉన్నది ఉన్నట్టు రాస్తాను, నన్ను పిచ్చిదానికింద జమకట్టకండి.

ప్రకటన చేత్తోనే రాసి అంటిద్దాం, ఫొటో ఒక్కటి వస్తే చాలు అనుకుని, మీరు పంపిన కెమెరా తీగ లాగి నాలుగో అర దాకా తెచ్చాను. స్వీపరమ్మ అర లాగింది. కొత్తల్లుడి ముఖానికి ఎదురుగా కెమెరా పట్టుకున్నాను. వెనక నుంచి కంప్యూటర్ టింగుమంది. తిరిగి చూస్తే స్క్రీన్ మీద "ముఖం గుర్తించాం. స్వాగతం" అని ఉంది. సెట్టింగుల తలుపు బార్లా తెరుచుకుని ఉంది.

స్వీపరమ్మ చీపురు అక్కడే పడేసి పరుగో పరుగు. ఇంకా రాలేదు.

నేను పారిపోయే రకం కాదు. కెమెరా మళ్లీ నా ముఖానికి పెట్టుకున్నాను, తలుపు మూసుకుంది. స్వీపరమ్మ మరిచిపోయిన సంచీ మీద పెట్టాను, ఏమీ లేదు. అతని ముఖానికి పెట్టాను, మళ్లీ స్వాగతం అంది. మనుషుల్ని నమ్మినంత సులువుగా మెషీన్లని నమ్మను గానీ, అతని ముఖానికి రెండుసార్లూ ఒకటే మాట చెప్పింది.

ఇంకొకటి. అతని కళ్లు మూసింది నేనే, ఇప్పటికీ మూసే ఉన్నాయి. ఫొటోలో మాత్రం తెరుచుకుని ఉన్నాయి.

ఇది ఎలా జరిగిందో మీరు చెప్పాలి.

ఇట్లు,
మార్చురీ ఇన్‌ఛార్జి

వి.సూ.: మరమ్మతుకని మా ప్రింటర్ తీగలన్నీ పీకి నిన్న పొద్దున్నే బీరువా మీద పెట్టారు. మీ నిన్నటి ఉత్తరం బీరువా మీద నుంచే వచ్చింది. కొత్త సిస్టమ్‌లో ఇది సదుపాయమైతే సరే.

*

శుక్రవారం

మేడమ్ గారికి,

చవక కెమెరా. దానికి చూపు ఆనదు. టెండరులో తక్కువకి పాడినవాడి సరుకు అలాగే ఏడుస్తుంది. తీగ పీకేసి సొరుగులో పడెయ్యండి. ఫొటో చెరిపెయ్యండి. గోడకి ఏమీ అంటించకండి.

రేపు వ్యాను వచ్చేలోగా ఏదో ఒక పేరు పెట్టండి. చేతులు జోడించి అడుగుతున్నాను. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఎవరినీ ఇలా బతిమాలలేదు.

ఇట్లు,
టెక్నీషియన్

వి.సూ.: "స్వాగతం" పక్కన ఇంకేమైనా పడిందా? పడకపోతే మంచిదే.

*

శుక్రవారం సాయంత్రం

బాబూ,

ఇకనుంచి నిన్ను మీరు అనలేను. నా కొడుకు ఉండి ఉంటే నీ ఈడువాడే.

పడింది. స్వాగతం పక్కన ఒక పేరు పడింది. మీ విభాగానికి ఫోన్ చేసి, మా మెషీన్ బాగుచేసిన టెక్నీషియన్ పేరేమిటని అడిగాను. అదే పేరు చెప్పారు. ఒకసారి మాట్లాడతానంటే, "మీ దగ్గరికే కదండీ డ్యూటీ మీద వచ్చాడు, మంగళవారం నుంచి అక్కడే ఉన్నాడు" అన్నారు. అవునన్నాను. ఏం తప్పుంది అందులో?

కాస్త కూర్చుని చదువు బాబూ. ఇలాంటి కబుర్లు చెప్పడం నాకు అలవాటే గానీ, ఎవరి కబురు వాళ్లకే చెప్పడం ఇదే మొదటిసారి. నీ కుర్చీలో వేరేవాళ్లు కూర్చోవడానికీ, టీ రాకపోవడానికీ కారణం ఏమిటో నీకు తెలియదనుకుంటున్నాను. నాలుగో అరలో ఉన్నది నువ్వే. నీ జుట్టు దువ్వాను, ముఖం తుడిచాను. నీకు ఏ లోటూ రానివ్వలేదు.

ఆవిడ ఈరోజూ వచ్చింది. మూడో రోజు. వాచ్‌మన్ని రెండుసార్లు వెతకమంటుందట. రెండుసార్లూ లేడని తెలిశాకే వెళుతుందట. నేను గేటు దగ్గరికి పరుగెత్తేసరికి వీధి మలుపు తిరిగిపోయింది.

పేరు కొట్టడం నాకు ఎంతసేపు? కానీ మనిషిని అడక్కుండా అతని పేరు వాడటం మర్యాద కాదు. అందుకే అడుగుతున్నాను. కొట్టమంటావా?

ఇట్లు,
మార్చురీ అమ్మ

వి.సూ.: మంగళవారం బయల్దేరానన్నావు, మంగళవారమే వచ్చావు. గవర్నమెంటులో ఇలాంటివాళ్లు అరుదు.

*

శనివారం

అమ్మా,

నాకు తెలుసు. మొదటి ఉత్తరం చదివినప్పటి నుంచి తెలుసు. వంతెన మీద బండి జారింది. కార్డు బ్యాగులో ఉంది, బ్యాగు వాగులో ఉంది. మీరు నా గురించే రాస్తుంటే, నన్ను నేను తిట్టుకుంటూ జవాబులు రాశాను.

దొంగపేరు పెట్టమని ప్రాణం తీసింది బద్ధకం కొద్దీ కాదు. అక్క కోసం. అమ్మానాన్నా పోయాక నన్ను పెంచింది అదే. నా ఫీజుల కోసం కుట్టుమిషన్ తొక్కీ తొక్కీ మోకాళ్లు అరగదీసుకుంది. పేరు మారిపోతే, ఫొటో గోడకెక్కకపోతే, నేను ఎక్కడో బతికే ఉన్నానని అనుకుంటుందని ఆశపడ్డాను. మొగుడూ పిల్లలూ లేని మనిషికి ఆ మాత్రం అబద్ధమైనా మిగల్చాలని నా తాపత్రయం.

నిన్న దాని వెనకే ఇంటికి వెళ్లాను. ఇద్దరికీ వండింది. నా కంచం ముందు కూర్చుంది. తను తినలేదు. వీధిలో ఎవరి బండి చప్పుడైనా లేచి గుమ్మందాకా వెళ్లి, తిరిగొచ్చి కూర్చుంది. తలుపు గడియ వెయ్యడం మానేసింది. అన్నం చల్లారిపోయింది. నేను మిగల్చాలనుకున్న ఆశ దాన్ని బతకనివ్వడం లేదని, తినేస్తోందని నాకు అప్పుడే అర్థమైంది. నేను చేసింది తప్పమ్మా. మీరు పట్టుబట్టబట్టి సరిపోయింది.

పేరు కొట్టండి. ఇంటిపేరుతో సహా, ఒక్క అక్షరం కూడా పోకుండా కొట్టండి. వ్యానువాణ్ణి వెనక్కి పంపెయ్యండి.

సెట్టింగుల్లో తప్పనిసరి అన్నది తీసేశాను. ఇకమీదట పేరు తెలియనివాళ్లు వస్తే ఆ గడి ఖాళీగా వదిలెయ్యొచ్చు, ప్రకటన అచ్చవుతుంది. నాది మాత్రం వదలకండి.

ఇట్లు,
మీ కొత్తల్లుడు

వి.సూ.: పేరు తర్వాత ఫోన్ నంబరు అడుగుతుంది. నాది ఇవ్వకండి. మంగళవారం నుంచి అక్క దానికే చేస్తోంది, ఎత్తలేక చస్తున్నాను. దాని నంబరు ఈ కాగితం వెనక ఉంది. ఒక్క రింగుకే ఎత్తుతుంది.