గడప మీది మీసాలాయన

చింతాద్రిపేట

చిరంజీవి మోహన్‌రాజ్‌కు సీతాలక్ష్మి అత్త ఆశీర్వదించి రాసేది. ఇక్కడ నా మోకాళ్ళు తప్ప అంతా క్షేమం.

ఫోన్ చేస్తే సర్కారు వింటుందని ఎదురింటి పొన్నమ్మ చెప్పింది. అందుకే ఈ ఉత్తరం. “ఇంటింటికీ తోడు” పథకమని మా వీధిలో కెమెరా పెట్టారు. కింద నాయకుడి నవ్వు మొహం, పైన ఆ కన్ను. రెప్ప వేయకుండా నా వంటింట్లోకే చూస్తోంది. మర్నాడే పాలు విరిగాయి. దిష్టి కాక మరేమిటి? పురసవాక్కం పోయి, కోరలూ మీసాలూ ఉన్న దిష్టి బొమ్మ మొహం తెచ్చి, దానికెదురుగా గడప పైన గుమ్మానికి కట్టాను. నువ్వు ఆ కెమెరాల ఆఫీసులోనే కదా పని, కాస్త పక్కకు తిప్పించు.

తా.క. కవరు అన్నం మెతుకులతో అంటించాను. ఎవరు విప్పినా తెలిసిపోతుంది.

షోళింగనల్లూరు

అత్తకు నమస్కారాలు.

కొంప మునిగింది. మొహాలు గుర్తుపట్టే మిషన్ నీ బొమ్మను మనిషి కింద రాసుకుంది. నువ్వేమో తల వంచుకుని ముగ్గేసి లోపలికి పోతావు, దానికి నీ మొహమే దొరకలేదు. ఆ ఇంట్లో నువ్వు లేవని తేల్చి, రేషన్ కార్డు ఆ మీసాలాయన పేరుకు మార్చేశారు. అది బొమ్మ సార్ అన్నాను. “మిషన్ తప్పు చెప్పదప్పా” అన్నాడు మా ఆఫీసరు.

నీ మోహన్

తా.క. వయసు నలభై అని వేసింది. కోరలు లెక్కలోకి తీసుకోలేదు.

చింతాద్రిపేట

చిరంజీవి మోహన్‌కు అత్త ఆశీస్సులు.

పుట్టి పెరిగిన వీధిలో నన్ను లేనిదాన్ని చేశారంటే ఏడుపొచ్చిందిరా. రేషన్ షాపు సుబ్బన్ “నీకు బియ్యం లేదు అవ్వా, ఆయన్ని ఈడికి తోడుకోని రా” అన్నాడు. బొమ్మను చంకన పెట్టుకుని పోయి మిషన్‌కు చూపించాను. బియ్యమిచ్చారు, పైగా ఉచిత కుక్కరు! నా పేరు మాత్రం నాకు కావాలి.

తా.క. కుక్కరు డబ్బా మీద కూడా నాయకుడి మొహమే. కత్తిరించి బొమ్మ పక్కన కట్టాను. పాలు విరగడం లేదు.

షోళింగనల్లూరు

అత్తకు నమస్కారాలు.

కుక్కరిచ్చినా నవ్వలేదు, ఇంధనం ధర పెరిగినా అరవలేదు, ధర్నాకు పోలేదు, రేషన్‌కు తప్ప గడప దాటలేదు. అందుకని మిషన్ ఆయన్ని ఆదర్శ పౌరుడిగా ఎంపిక చేసింది! సోమవారం నాయకుడే వచ్చి శాలువా కప్పుతారట. నిజం బయటపడితే నా ఉద్యోగం ఊడుతుంది. ఏదో ఒకటి చెయ్యత్తా.

నీ మోహన్

తా.క. శాలువా కప్పడానికి ఆయనకు భుజాలున్నాయా?

చెన్నై

సీతాలక్ష్మమ్మ గారికి బాలకృష్ణన్ నమస్కరించి రాసేది.

నేను మీకు తెలియను. మీ ఉత్తరాలు విప్పి చదవడం నా ఉద్యోగం. తెలుగు వచ్చని ఈ సీట్లో వేశారు. అన్నం మెతుకులతోనే మళ్ళీ అంటించాను, తెలియలేదు కదా?

నవ్వి నవ్వి, ఆఖరికి మీ మీద జాలేసింది. మీ ఇంటి మీసాలాయన గుండె ఆగి చనిపోయాడని ఫైల్లో రాశాను. సోమవారం సభ రద్దయింది, మోహన్ ఉద్యోగం నిలిచింది. కార్డు మళ్ళీ మీ పేరు మీదే వస్తుంది, ఆయన భార్యగా. క్షమించాలి, మిషన్ ఒప్పుకునే దారి ఇదొక్కటే ఉంది.

ఇట్లు,
బాలకృష్ణన్

తా.క. నిన్న నా సీటు మీద కూడా కెమెరా పెట్టారు. స్వర్గస్థులైన మీ ఆయన ఖాళీగా ఉంటే కొన్నాళ్ళు ఇక్కడికి పంపగలరా?